ఉమ్మి చెప్పే కబురు

 

నేను డాక్టర్ని కాను, కొలిచే పరికరాలతో పనిచేసే ఇంజనీరుని. కాబట్టి కొలత గురించే మాట్లాడతాను.

లాలాజలం పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుందని ఈ బడిలోనే చదువుకున్నాం. నోటి కణాలు విడిచిన ప్రోటీన్లు, ఆర్‌ఎన్‌ఏ ముక్కలు కూడా అందులో ఉంటాయి. క్యాన్సర్ మొదలైతే వాటిలో కొన్నింటి మోతాదు మారుతుంది. వీటినే మాలిక్యులర్ మార్కర్లు అంటారు. 2004లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ వాంగ్ బృందం 32 మంది నోటి క్యాన్సర్ రోగుల ఉమ్మిని 32 మంది ఆరోగ్యవంతుల ఉమ్మితో పోల్చి చూసింది. ఏడు ఆర్‌ఎన్‌ఏలు రోగుల్లో ఎక్కువగా కనిపించాయి. కొన్నింటిని కలిపి లెక్కగడితే రోగుల్లో 91 శాతాన్ని, ఆరోగ్యవంతుల్లో 91 శాతాన్ని సరిగ్గా గుర్తించగలిగారు.

సూది లేదు, కోత లేదు. గంటసేపు ఏమీ తినకుండా, తాగకుండా ఉండి గొట్టంలో ఉమ్మితే చాలు. కాకపోతే దాన్ని వెంటనే ఐసులో పెట్టాలి. లేకపోతే ఉమ్మిలోని ఎంజైములు ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసేస్తాయి. మన ఎండల్లో అదేమీ చిన్న పని కాదు.

ఇక లెక్క. వెయ్యి మందిలో ఐదుగురికి జబ్బు ఉందనుకుందాం. ఈ పరీక్ష వారిలో నలుగురినో, ఐదుగురినో పట్టుకుంటుంది. మిగతా 995 మందిలో సుమారు 90 మందికి మాత్రం లేని జబ్బు ఉందని చెబుతుంది. ఆ 90 ఇళ్లలో ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. పైగా ఇంటర్‌ల్యూకిన్-8 లాంటి మార్కరు చిగుళ్ల వాపుకి కూడా పెరుగుతుంది. మన వయసులో చిగుళ్లు బాగున్నవాళ్లు ఎందరు? అందుకే ఊరందరికీ ఉమ్మి పరీక్ష చేసేద్దామంటే నేను ఒప్పుకోను. ముందు నోరు తెరిచి చూడాలి. అనుమానం ఉన్నచోట ఈ పరీక్ష తోడు రావచ్చు. తేల్చేది మాత్రం బయాప్సీయే.

తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు చూశారు. 2005లో వచ్చిన ఫలితాల్లో, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు అలా చూడని చోట్ల కంటే మూడో వంతు తక్కువ.

మన ఉత్తరాంధ్రలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్లకు ముందు దెబ్బతినేది అంగిలి. కుర్రాళ్లకు గుట్కా, ఖైనీ. మా బ్యాచ్ ఫోటోలో ముందు వరుసలో కూర్చున్న ఒకడు బుగ్గలోని తెల్లమచ్చను వేడి చేసిందనుకుని ఏడాదిపాటు మజ్జిగ తాగాడు. ఈ ఉత్సవానికి వాడు లేడు.

మూడు వారాలైనా మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, నోరు మునుపటంత తెరుచుకోకపోవడం, ఇవి చూసుకోండి. రేపు ఉదయం పదో తరగతి గదిలో మన పూర్వ విద్యార్థిని అయిన దంతవైద్యురాలు అందరి నోళ్లూ చూస్తారు. రెండు నిమిషాల పని. ఇంట్లో అడ్డపొగ తాగే పెద్దవాళ్లుంటే ఆటో ఎక్కించి తీసుకురండి. మొహమాటపడతారు కాబట్టి ఆడవాళ్లకు పక్క గది ఏర్పాటు చేశాం.