సెల్‌బోర్న్ గ్రామం, మా తనకల్లు

ఇంగ్లండు చూచి వచ్చినవారిని మనవారు లండన్ నగరాన్ని గురించియే ప్రశ్నిస్తారు. అక్కడి వంతెనలను, రాజప్రాసాదాన్ని, భూమి అడుగున నడిచే రైళ్ళను వర్ణించి చెప్పగలవారు చాలామంది ఉన్నారు. నేను ఈ ప్రసంగంలో చెప్పదలచినది ఆ దేశపు పల్లెసీమలోని ఒక చిన్న ఊరిని గురించి. దాని పేరు సెల్‌బోర్న్. అక్కడ పేరుమోసిన కోట లేదు. చరిత్రకెక్కిన యుద్ధభూమి లేదు. రాజు పుట్టిన ఇల్లు లేదు. అయినా తరతరాలుగా ఎక్కడెక్కడివారో ఆ ఊరు వెదకికొని వస్తున్నారు. వారు చూడ వచ్చేది ఏమిటో తెలిసినప్పుడు నాకు మా తనకల్లు జ్ఞాపకం వచ్చినది. అందుచేత ఈ రెండు ఊళ్ళనూ కలిపి చెప్పవలసి వచ్చినది.

లండన్‌లోని వాటర్లూ స్టేషనులో రైలెక్కితే గంటకు పైచిలుకు ప్రయాణంలో ఆల్టన్ అనే పట్టణం చేరుతాము. అక్కడినుండి బస్సులో నాలుగైదు మైళ్ళు. ఇదంతా హాంప్‌షైర్ సీమ. ఆల్టన్‌కు ప్రక్కనే ఉన్న చాటన్ గ్రామంలో జేన్ ఆస్టెన్ అనే సుప్రసిద్ధ నవలా రచయిత్రి 1809 నుండి 1817 వరకు నివసించినది. మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు 1969లో పాఠశాల నెలకొల్పిన బ్రాక్‌వుడ్ పార్కు కూడ ఈ సీమలోనిదే. కనుక మన ప్రాంతపు మనిషి ఆ పచ్చిక బయళ్ళలో నడవడం క్రొత్త సంగతేమీ కాదు.

సెల్‌బోర్న్‌కు ఉన్నది ముఖ్యంగా ఒకటే వీధి. ఇటుకతోను రాతితోను కట్టిన పాత ఇండ్లు. వానిలో కొన్నింటికి ఇప్పటికీ గడ్డికప్పు ఉన్నది. మన బోదకొట్టములను చూచిన కంటికి ఆ కప్పు పరాయిదిగా తోచదు. ఊరికి వెనుక సుమారు 300 అడుగుల ఎత్తున బీచ్ చెట్ల అడవితో నిండిన గుట్ట ఉన్నది. దాని పైకి పాము మెలికల వలె వంపులు తిరిగిన కాలిబాట పోతుంది. ఆ బాటను 1753లో ఇద్దరు అన్నదమ్ములు త్రవ్వినారు. వారిలో పెద్దవాడు గిల్బర్ట్ వైట్. ఊరికి వచ్చేవారందరూ అతనికోసమే వస్తారు.

గిల్బర్ట్ వైట్ 1720లో అదే ఊరిలో పుట్టి, 1793లో అదే ఊరిలో మరణించినాడు. మతగురువు, చర్చిలో చిన్న పదవి, పెండ్లి చేసికొనలేదు. పెద్ద పదవులకోసం ఊరు విడిచిపోవడానికి ఇష్టపడలేదు. అతడు చేసిన పని ఒక్కటే. ప్రతిదినమూ ఊరిని చూచినాడు, చూచినది వ్రాసిపెట్టినాడు. ఏ దినం మంచు కురిసినది, ఏ దినం మొదటి కోకిల కూసినది, దోసపాదు ఎప్పుడు పూచినది, పిట్టలు ఎప్పుడు వలస వచ్చినవి, ఎప్పుడు పోయినవి—ఇవియే అతని వ్రాతలు. మిత్రులకు వ్రాసిన జాబుల రూపంలో ఈ సంగతులను కూర్చి 1789లో ఒక గ్రంథం వెలువరించినాడు. ఆ గ్రంథం నాటినుండి నేటివరకు అచ్చు ఆగకుండా వస్తున్నదంటే శ్రోతలకు ఆశ్చర్యం కలుగవచ్చు.

అందులో ఏమున్నది? చూపునకు ఒక్కతీరుగా కనిపించే మూడు చిన్న పిట్టలు నిజానికి మూడు వేరువేరు జాతులని అతడు కూతలు విని విడదీసినాడు. పైరు కంకులమధ్య బంతివలె గూడు అల్లుకొనే చిట్టెలుకను ఆ దేశపు పండితులకు మొదట తెలియజేసినాడు. వానపాము లేకపోతే నేల గట్టిపడి సారం కోల్పోతుందని, చార్లెస్ డార్విన్ పుట్టుటకు చాలాకాలం ముందే వ్రాసినాడు. మేనత్త ఇంటినుండి 1780లో ఒక తాబేలును తెచ్చుకొని, అది ఎప్పుడు మట్టిలో దూరి నిద్రపోతుందో, ఎప్పుడు లేస్తుందో ఏండ్ల తరబడి గుర్తుపెట్టినాడు. దానిని తిమోతి అని మగపేరుతో పిలిచినాడు గాని, అది ఆడదని తరువాతివారు కనుగొన్నారు. దాని చిప్ప నేటికీ లండన్‌లోని మ్యూజియములో భద్రంగా ఉన్నది.

ఇవన్నీ పిల్లల ముచ్చట్లని కొందరికి తోచవచ్చు. ఒక్క ఉదాహరణ మనవి చేస్తాను. 1783 వేసవిలో సెల్‌బోర్న్ మీద వింత మసక క్రమ్మినది. జూన్ 23 నుండి జూలై 20 వరకు అది విడువలేదనీ, మధ్యాహ్న సూర్యుడు కూడ వెలవెలబోయి కనిపించినాడనీ, ఉదయసాయంకాలాలలో నెత్తురు వన్నె దాల్చినాడనీ అతడు వ్రాసినాడు. ఆ యేడు ఐస్‌లాండు ద్వీపంలోని లాకి అనే చోట భూమి పగిలి అగ్నిపర్వతం నెలల తరబడి పొగలు గ్రక్కినది. ఆ పొగ దేశాలు దాటి ఎంత దూరం ప్రాకినదో తెలిసికొనే శాస్త్రజ్ఞులకు ఈ పల్లెటూరి గురువు తేదీలు నేటికీ సాక్ష్యం. వానను కూడ అతడు కొలిచి పెట్టినాడు. 1781లో సుమారు 31 అంగుళాలు. మరుసటి యేడు 1782లో 50 అంగుళాలకు పైగా. ఒకే ఊరిలో, ప్రక్కప్రక్కనే ఉన్న రెండు సంవత్సరాలలో అంత వ్యత్యాసం!

చర్చికి ఎదురుగా ఒక చిన్న ఖాళీ స్థలం ఉన్నది. దానిని ప్లెస్టర్ అంటారు. పూర్వం అక్కడ ఒక మహావృక్షం, ఓక్ చెట్టు, ఉండేది. దాని చుట్టూ రాతి మెట్లు, అరుగులు. సాయంకాలం ముసలివారు అరుగులపై కూర్చుండి ఊరి సంగతులు మాట్లాడుకొనేవారట. పడుచువారు ఎదుట ఆడుకొనేవారట. శ్రోతలారా, ఇది మన రచ్చకట్ట కాక మరేమిటి? 1703లో వచ్చిన పెనుగాలికి ఆ చెట్టు కూలినది. ఊరివారు దుఃఖించగా, అప్పటి గురువు చేతి డబ్బు ఖర్చుపెట్టి దానిని మళ్ళీ నిలబెట్టించినాడు. కొన్నాళ్ళు చిగిర్చి, తరువాత ఎండిపోయినది. చర్చి ఆవరణలో ఉండిన యూ అనే మరొక ప్రాచీన వృక్షాన్ని గిల్బర్ట్ వైట్ కాలంలో కొలిస్తే మ్రానుచుట్టు 23 అడుగులు ఉన్నది. అది 1990 జనవరి 25న గాలివానకు పడిపోయినది. ఈసారి కూడ ఊరివారు కొమ్మలు నరికి, యంత్రాలతో మ్రానును లేపి నిలబెట్టినారు. ఈసారి కూడ అది బ్రదుకలేదు. దాని కొమ్మతో పెంచిన మొక్క ఒకటి ఇప్పుడక్కడ పెరుగుతున్నది. దాదాపు మూడు వందల ఏండ్ల ఎడంతో రెండుమార్లు పడిన చెట్టును లేపజూచిన ఊరు అది.

కదిరి నుండి మదనపల్లె పోయే దారిలో మా తనకల్లు ఉన్నది. నందికొండల ప్రాంతంలో పుట్టిన పాపాగ్ని మా సీమ మీదుగా సాగి, కడప నేల త్రొక్కి, పెన్నలో కలుస్తుంది. నది అన్నానేగాని, సంవత్సరంలో చాలా నెలలు అది ఇసుకే. ఎఱ్ఱనేలలు, చెనిక్కాయ చేలు, గుండ్లు పేర్చినట్లున్న గుట్టలు, చింతతోపులు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. 2022కు ముందు అనంతపురం జిల్లాలోనిది. మా ప్రాంతపు వాన ఏడాదికి సగటున సుమారు 22 అంగుళాలు. ఆ సగటు కూడ కాగితం మీదిదే. ఒక యేడు సగం, ఒక యేడు రెట్టింపు.

చెట్టు మాట వచ్చినది గనుక, మా సమీపంలోని గూటిబైలు తిమ్మమ్మ మర్రిమానును చెప్పకుండా ఉండలేను. సెల్‌బోర్న్ యూ చెట్టు చుట్టుకొలత అడుగులలో ఉంటే, ఈ మాను విస్తీర్ణం ఎకరాలలో. సుమారు 5 ఎకరాలు. 1989లో గిన్నిస్ గ్రంథంలోకి ఎక్కినది. అయిదారు వందల ఏండ్లనాడు సహగమనం చేసిన తిమ్మమ్మ చితికి నాటిన గుంజయే చిగిర్చి ఈ మాను అయినదని జనుల విశ్వాసం. అటవీశాఖవారు వెదురు బొంగులలో మట్టి, ఎరువు నింపి లేత ఊడలను నేలకు చేరుస్తుంటారు. ఓక్ చెట్టును లేపిన ఆ గురువు ఇది చూచి ఉంటే సంతోషించేవాడు. అయితే ఆ మాను క్రింద ఎన్ని జాతుల పిట్టలు కాపురముంటున్నవి, మర్రిపండ్లు ఏ నెలలో ఎఱ్ఱబడినవి, ఏ కరువులో ఏ ప్రక్క కొమ్మలు ఎండినవి—ఈ లెక్క ఊరిలో ఎవరింట నైనా ఉన్నదా?

వ్రాసిపెట్టే అలవాటు మనకు లేనిది కాదు. ఊరూర కరణాలు కవిలెలు వ్రాసినారు. కర్నల్ మెకంజీ 1800 తరువాత దత్తమండలాలలో మనుష్యులను పంపి గ్రామాల వృత్తాంతాలను సేకరించినప్పుడు ఆ కవిలెలే ఆధారమైనవి. ఆ కైఫీయత్తులు చరిత్రకారులకు నేడు పెద్ద నిధి. కరణం ఉద్యోగాన్ని 1984లో ప్రభుత్వం రద్దుచేసినది. దాని మంచిచెడ్డలు ఇక్కడ ప్రస్తుతం కావు. కరణం వ్రాసినది శిస్తు లెక్క. శిస్తు లేనిదానిని, అనగా పిట్టను, పురుగును, గాలిని వ్రాయవలసిన పని అతనికి లేకపోయినది.

ఇంకొక సంగతి. సెల్‌బోర్న్‌ను ప్రశాంతమైన ఊరని యాత్రికులందరూ మెచ్చుకొంటారు. నేనూ మెచ్చుకొన్నాను. కాని గిల్బర్ట్ వైట్ పోయిన 37 ఏండ్లకు, 1830 నవంబరులో, కూలి చాలక, కడుపు నిండక ఆ ఊరి వ్యవసాయకూలీలే తిరుగబడి బీదల శాలను పాడుచేసినారు. దశమభాగపు పన్ను తగ్గించుమని గురువును నిర్బంధించినారు. గడ్డికప్పుల క్రింద ఆకలి కూడ ఉండేదన్నమాట. ఊరి నిశ్శబ్దాన్ని చూచి అది సుఖమని అప్పుడే అనుకోకూడదు. మా సీమలోనూ మధ్యాహ్నంపూట కొన్ని వీధులు బహు నిశ్శబ్దంగా ఉంటవి. తలుపులకు తాళాలు, అరుగుమీద ఒక ముసలమ్మ. "ఏమవ్వా, పిల్లోళ్ళు ఏరీ?" అంటే, "బెంగళూరికి కూలికి పోయినారు నాయనా, వానొస్తే వస్తారు" అంటుంది. సెల్‌బోర్న్ నిశ్శబ్దం నాకు హాయిగా తోచినది. ఈ నిశ్శబ్దం హాయిగా తోచలేదు.

ఆ అవ్వకు తెలిసిన సంగతులు చిన్నవి కావు. ఏ కార్తెలో వాన పడితే ఏ పైరుకు పదును, తూనీగలు క్రిందుగా ఎగిరితే ఏమిటి, చెరువు ఏయే సంవత్సరాలలో మరవ పోయినది, ఏ కరువులో ఏ ఆకు వండుకొని తిన్నారు—అడిగితే గంటసేపు చెబుతుంది. గిల్బర్ట్ వైట్ ఊరిలో వాన ఒకటి తప్పితే పచ్చిక కొంచెం వాడుతుంది. మా ఊరిలో వాన తప్పితే ఇంటికి తాళం పడుతుంది. అట్టి ప్రమాణాల చిట్టా ఎవరికి ఎక్కువ అవసరమో శ్రోతలే యోచింపవచ్చును. ఆ ముసలితరం దాటిపోతే అడుగుదామన్నా చెప్పేవారుండరు.

దీనికి ధనం అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు. వానకొలతకు వంపులేని గోడలుగల సీసా ఒకటి, అంగుళాలు గీసిన బద్ద ఒకటి చాలును. చెట్టునీడ, ఇంటిచూరు తగలని బయలులో పెట్టవలెను. పాఠశాలలో ఉపాధ్యాయులు పిల్లలచేత వంతులవారీగా వ్రాయించవచ్చు. వేపపూత మొదట కనిపించిన దినం, తొలిమెఱుపు, చెనిక్కాయ విత్తిన దినం, చెరువులోనికి కొంగలు దిగిన దినం, పాపాగ్నిలో నీరు పారిన దినం. తెలియని పిట్ట కనిపిస్తే దాని రంగు, కూత వ్రాసి, పేరుకు చోటు వదలిపెట్టవచ్చు. తాతనో అవ్వనో అడిగి తరువాత నింపుకొనవచ్చు. ఊరి పేరు, తేదీ మాత్రం మరువరాదు.

గిల్బర్ట్ వైట్ తాను మరణించిన 1793 జూన్ నెలలో కూడ తన దినచర్య వ్రాసినాడు. చర్చి వెనుక అతని సమాధి ఉన్నది. దానిమీద చిన్న రాయి. రాతిమీద పేరులోని రెండు పొడి అక్షరాలు, మరణించిన తేదీ.