నొప్పి లేకుండా చూపు తీసే జబ్బులు



మన కనుగుడ్డు అడ్డుకొలత సుమారు 24 మిల్లీమీటర్లు. వెలుతురు ముందున్న కార్నియా గుండా, కంటిపాప దాటి, లెన్స్‌లోంచి వెళ్లి వెనకనున్న రెటీనా మీద పడుతుంది. అక్కడి కణాలు దాన్ని సంకేతాలుగా మారిస్తే, కంటి నరం మెదడుకు చేరవేస్తుంది.

వయసుతో లెన్స్ మసకబారడమే శుక్లం. చుక్కల మందుతో అది కరగదు. ఆపరేషన్ చేసి కృత్రిమ లెన్స్ అమర్చితే చాలామందికి చూపు చక్కబడుతుంది. శుక్లం బాగా ముదిరేదాకా ఆగనక్కరలేదు.

నీటికాసులు అలా కాదు. కంటి ముందు భాగంలో ఒక ద్రవం నిరంతరం ఊరుతూ, జల్లెడలాంటి కణజాలం గుండా బయటికి పోతుంది. ఆ దారికి అడ్డు పడితే కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. ఎక్కువమందికి నొప్పే తెలియదు. చూపు అంచుల నుంచి మెల్లగా తరిగిపోతుంది. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కలు, లేజర్, శస్త్రచికిత్స ఉన్న చూపును కాపాడటానికే.

మధుమేహం రెటీనాలోని సన్నని రక్తనాళాలను పాడుచేస్తుంది. చూపు బాగున్నా సరే, షుగరున్నవారు ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించుకోవాలి.

నలభై దాటినవారు, ముఖ్యంగా తోబుట్టువుల్లోనో తల్లిదండ్రుల్లోనో నీటికాసులున్నవారు, కంటి ఒత్తిడితో పాటు నరాన్నీ చూపించుకోండి. హఠాత్తుగా మెరుపులు, నల్లచుక్కలు, తెర అడ్డుపడినట్టు కనిపిస్తే రెటీనా ఊడుతున్నదేమో. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.