ఐఆర్ఎస్ నుంచి "ఇది మీరేనా?" అని ఉత్తరం వస్తే

డాలస్ నుంచి ఒకాయన మనకి వాయిస్ మెసేజ్ పెట్టారు. ఫిబ్రవరిలో టాక్స్ ఫైల్ చేశారట, మే వచ్చినా రిఫండ్ జాడ లేదు. ఊళ్ళో ఇంటి స్లాబుకి ఆ డబ్బే అనుకున్నారు. తీరా చూస్తే ఐఆర్ఎస్ ఉత్తరం పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్ళింది. అక్కడి రూమ్మేట్ దాన్ని పిజ్జా కూపన్లతో కలిపి ఓ మూల పడేశాడు.

మీ పేరు, మీ సోషల్ నెంబరుతో ఒక రిటర్న్ వచ్చింది, పంపింది మీరేనా అని అడగడమే ఆ ఉత్తరం పని. ఆడిట్ కాదు, తప్పు పట్టడమూ కాదు. కానీ మీరు జవాబు చెప్పేదాకా రిటర్న్ కదలదు, రిఫండ్ రాదు.

మనవాళ్ళకి అనుమానం ఎక్కువ, అందులో తప్పులేదు. ఐఆర్ఎస్ పేరు చెప్పి అమెరికాలో జనాన్ని బెదిరించిన కాల్ సెంటర్లు 2016లో ముంబై పక్కన మీరా రోడ్‌లోనే కదా దొరికాయి! అయితే ఈ వెరిఫికేషన్ మొదలయ్యేది పోస్టులో వచ్చే ఉత్తరంతో. మెసేజ్‌లోనో ఈమెయిల్‌లోనో లింక్ వస్తే ముట్టుకోకండి. ఐఆర్ఎస్ డాట్ గవ్ అని మీరే టైప్ చేసుకుని వెళ్ళండి.

ఉత్తరం మీద నెంబరు చూడండి. 5071సి అయితే ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. 4883సి అయితే అందులో ఉన్న నెంబరుకి ఫోన్ చేయాలి. 5747సి అయితే అపాయింట్‌మెంట్ తీసుకుని ఆఫీసుకి వెళ్ళమంటారు.

"మా కన్సల్టెంట్ చూసుకుంటాడులే" అంటే ఇక్కడ కుదరదండీ. ఆయన పక్కనుంటే ఉండనివ్వండి, లైన్‌లో మాత్రం మీరుండాలి. ఇంగ్లీషు ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, మొహమాటం వద్దు. చేతిలో ఆ ఉత్తరం, ఈ ఏడాది రిటర్న్, డబ్ల్యూ-2, నిరుడు ఫైల్ చేసుంటే ఆ 1040 కూడా ఉండాలి. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. డబ్బులు కట్టి ఫైల్ చేయించుకుంటారు, కాపీ మాత్రం దగ్గరుండదు. ఈ రాత్రే అడిగి పీడీఎఫ్ తెప్పించుకోండి.

అసలు మీరు ఫైలే చేయలేదా? అప్పుడు కూడా జవాబివ్వాలి, ఇంకా త్వరగా. మీ నెంబరు ఎవడో వాడుతున్నాడన్నమాట. ఆ తర్వాత ఐపీ పిన్ తీసుకోండి. ఆరంకెలుంటుంది, ఏటా మారుతుంది. అది లేకుండా మీ పేరుతో ఇంకొకరు ఈ-ఫైల్ చేయలేరు.

వెరిఫై అయ్యాక కూడా 9 వారాల దాకా పట్టొచ్చు. కంగారుపడి మళ్ళీ ఇంకో రిటర్న్ పంపకండి.

ఇల్లు మారగానే అమెజాన్‌లో అడ్రస్ మారుస్తాం, ఐఆర్ఎస్‌కి చెప్పం. దానికి 8822 అని ఒక ఫారం ఉంది, నింపి పోస్టు చేయండి.

సందేహాలుంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. అందులో సోషల్ నెంబరు మాత్రం చదవకండి బాబూ, క్రితంసారి ఇద్దరు చదివారు!