ట్రాక్టరు ఇంజను కాగిపోకుండా



దమ్ము చేస్తుండగా ట్రాక్టరు వేడి సూది ఎర్రగీతకు చేరినదనుకోండి. గబగబా రేడియేటరు మూత తీసి కాలువ నీళ్లు పోస్తాం కదూ! ఆ పని ఎన్నడూ చేయవద్దు. మూత బిగించి ఉన్నంతసేపు లోపల ఒత్తిడి ఉండును గనుక నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీశారా, ఒక్కసారిగా పొంగి మొహాన చిమ్ముతుంది. కాగిన ఇంజనులో చన్నీళ్లు పడితే హెడ్డు పగిలిపోవచ్చును.

సిలిండర్ల చుట్టూ తిరిగే నీరు వేడిని పట్టుకొని రేడియేటరుకు తెస్తుంది. ఫ్యాను గాలికి అక్కడ చల్లారుతుంది. పంపు దానిని మళ్లీ ఇంజనులోకి తోస్తుంది. ఈ తిరుగుడు ఎక్కడ ఆగినా ఇంజను కాగుతుంది.

కాబట్టి రోజూ పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే మట్టం చూడండి. రేడియేటరు రెక్కల్లో పొట్టు ఇరుక్కుంటే ఇంజను వైపు నుంచి బయటికి గాలి కొట్టించండి. ఫ్యాను బెల్టు వదులైతే బిగించండి. బోరు నీటిలోని సున్నం లోపల పొరగా పేరుకొని వేడిని పోనివ్వదు. కంపెనీ పుస్తకంలో చెప్పిన కూలెంటే పోయండి.

నీరు కారినా, బెల్టు తెగినా వెంటనే ఇంజను ఆపి, చల్లారనివ్వండి. ఆగితే పోయేది గంటసేపే. హెడ్డు పగిలితే నాట్ల అదనే పోతుంది.