జాజు ప్లేట్లు - మన పాటకాండ్రు



జాజు అను పేరు కరీంనగరము, ఆదిలాబాదు పల్లెలలో తరచుగా వినవచ్చునది కాదు. విన్నవారు సైతము, అది పెద్ద హోటళ్లలో దొరలు నాట్యమాడుటకై వాయించు రణగొణధ్వని యని తలంతురు. ఆ తలంపు పూర్తిగ నిరాధారము కాదు. 1930 తరువాతి సంవత్సరములలో బొంబాయి తాజమహలు హోటలులో అట్టి మేళములు వాయించుచుండెడివి. వానిలో పేరొందిన టెడ్డీ వెదర్‌ఫర్డ్ అను పియానో విద్వాంసుడు అమెరికా నుండి వచ్చి, 1945 లో కలకత్తాలో కలరా సోకి మరణించెను. 1951 లో వెలువడిన అల్బేలా అను హిందీ చిత్రమును చూచినవారు మీలో నుందురు. సి. రామచంద్ర కూర్చిన ఆ పాటలలో గోవా దేశస్థుడగు చిక్ చాకొలేట్ మ్రోగించిన బాకా జాజు బాకాయే. కావున మీరు జాజు నెరుగకయే వినియున్నారు.

అయితే హోటలు జాజునకు పుట్టినిల్లు కాదు. అమెరికా దక్షిణ భాగమున, మిసిసిపీ నది యొడ్డున, న్యూ ఆర్లియన్సు అను పట్టణము కలదు. ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారి సంతతి ఆ పట్టణపు వీధులలో ఈ సంగీతమును కనిరి. అచ్చటి ఆచార మొకటి చెప్పెదను. ఎవరేని గతించినప్పుడు శవము వెంట బాకాల మేళము నడుచును. శ్మశానమునకు పోవునపుడు అడుగులు మెల్లన, పాట మెల్లన. ఖననమైన పిదప తిరుగుదారిలో ఆ మేళమే ఉల్లాసమైన పాట నెత్తికొనును. వెంట వచ్చినవారు గొడుగులు త్రిప్పుచు ఆడుదురు. డప్పు మ్రోగనిదే పాడె కదలని పల్లెలలో పుట్టిన మనకు దీనిని విప్పి చెప్పవలసిన పని లేదు.

ఈ సంగీతపు పద్ధతి ఇది: పాట యొక్క వరుస అందరికిని తెలిసినదే. దాని నొకమారు వాయించి, అటుపై ఒక్కొక్కడు తన వంతు రాగా ఆ చట్రములోననే మనోధర్మముతో క్రొత్తగా వాయించును. నేటి రాత్రి వాయించినది రేపటి రాత్రి రాదు. అందువలననే ఈ విద్యకు కాగితము చాలదు. వాయించుచున్న క్షణముననే పట్టుకొనవలయును, లేదా అది పోవును.

పోయినదానికి ఉదాహరణము బడ్డీ బోల్డెన్. జాజునకు ఆద్యులలో నొకడు. ఆతని బాకా మైళ్ల దూరము వినబడెడిదని విన్నవారు చెప్పుకొనిరి. 1907 లో ఆతనికి మతి చలించెను. వైద్యాలయముననే ఏండ్లు గడిపి 1931 లో కన్నుమూసెను. ఆతని ప్లేటు ఒక్కటియు మనకు దక్కలేదు. ఆతని తరువాతి వాడు ఫ్రెడ్డీ కెప్పార్డ్. తన వ్రేళ్ల పోకడ నెవరును దొంగిలింపకుండ చేతిపై రుమాలు కప్పుకొని వాయించెడివాడనియు, ఆ భయముననే తొలుత ప్లేటు కొట్టించుటకు ఒప్పుకొనలేదనియు ఒక కథ కలదు. విద్యను దాచుకొను గురువులు మనకును క్రొత్త కారు. తుదకు మొదటి జాజు ప్లేటు 1917 లో వెలువడినది. వాయించినవారు మాత్రము తెల్లవారు.

నాకు మిక్కిలి ప్రియమైన ప్లేటు లూయీ ఆర్మ్‌స్ట్రాంగు 1928 లో వాయించిన వెస్ట్ ఎండ్ బ్లూస్. ఆ పాటను కూర్చినవాడు జో ఆలివరు, ఆర్మ్‌స్ట్రాంగునకు గురుతుల్యుడు; 1922 లో శిష్యుని చికాగోకు పిలిపించి తన ప్రక్కన రెండవ బాకా యిచ్చినవాడు. గురువు కూర్చిన పాటనే శిష్యుడు ఎత్తుకొని, గురువునకు అందని ఎత్తునకు కొనిపోయెను. ఇది గురువునకు అవమానమని నేననుకొనను.

ఆనాటి పది అంగుళముల ప్లేటు ఒక ప్రక్క మూడు నిమిషములే పలికెడిది. అమెరికావాని పాట ఆ మూడు నిమిషములలో ఇమిడినది. మన ఒగ్గుకథ ఇముడునా? ఓదెల మల్లన్న కథ గాని ఎల్లమ్మ కథ గాని తెల్లవార్లు నడుచును. గ్రామఫోను మనవారి గడపకు రాకపోవుటకు పేదరికమొక్కటియే కారణము కాదు, ఆ ప్లేటు కొలతయు కారణమే యని నా అభిప్రాయము.

1948 లో దీర్ఘకాలపు ప్లేటు వచ్చినది. ఒక ప్రక్క ఇరువది నిమిషములకు పైబడి పలుకును. దానిపై వచ్చినవానిలో నేను మొదట చేత తీసికొనునది మైల్స్ డేవిస్ 1959 లో కూర్చిన కైండ్ ఆఫ్ బ్లూ. తోటి విద్వాంసులకు ఆతడు పూర్తిగ వ్రాసిన స్వరము లీయలేదు, స్థూలరేఖలు మాత్రమే యిచ్చెను. ఒకే స్వరశ్రేణిపై చాలసేపు నిలుచుట దాని మార్గము. రాగాలాపనమునకు అలవడిన చెవికి ఇది పరాయిగా నుండదు. మొదటి పాటలో బాసు అను పెద్ద తంత్రీవాద్యము ప్రశ్న వేయును, తక్కిన వాద్యములు రెండే దెబ్బలతో బదులు చెప్పును. ప్రధాన కథకుడు మాట విసరగా వంతవాడు అందుకొనుట విన్న ప్రతివానికి ఇది తెలిసిన ఆటయే. అందు శాక్సఫోను వాయించిన జాన్ కోల్‌ట్రేన్, మన రవిశంకరునిపై గల గౌరవముచే తన కుమారునకు రవి అని పేరిడెను.

వేములవాడ చెంతనున్న హన్మాజీపేట మిద్దె రాములు 2010 లో గతించెను. అది సి. నారాయణరెడ్డి పుట్టిన యూరే. కవి పుస్తకములు బీరువాలలో నున్నవి. ఒగ్గు పట్టిన రాములు కంఠము విన్నవారి చెవులలోను, చేసిపెట్టిన కొలది రికార్డులలోను ఉన్నది.

ఆదిలాబాదు గోండుల యింటి పాటకాండ్రగు పరధానుల సంగతి ఇంతకంటె కష్టము. వారిలో పలువురు ఇంట మరాఠీ మాటాడుచు, కిక్రీ చేతబట్టి పెర్సాపేను కథలను గోండీలో పాడుదురు. కిక్రీకి మూడు తంత్రులు, ఒక కమాను. హైమెండార్ఫ్ మార్లవాయిలో నుండి ఆ కథలను వ్రాసికొని 1948 లో గ్రంథముగా వెలువరించెను. కథ నిలిచినది. కమాను ఎక్కడ ఆగెనో, ఎక్కడ జారెనో ఆ గ్రంథములో లేదు. నేడు కిక్రీ పట్టు చేతులు కొలదియే. ప్లేటు కొలత యిప్పుడు అడ్డుకాదు. జేబులోని ఫోను రాత్రియంతయు వినగలదు. మీ యూరి జాతరలో పాడువాని నడిగి, ఆతడు ఒప్పుకొనిన, కథ నడుమ కోయక మొదటినుండి తుదివరకు పట్టుడు. నడుమ కోసిన రికార్డు నాకు వినబుద్ధి కాదు.

ఇక ఆర్మ్‌స్ట్రాంగు ప్లేటును విందము. మొదట బాకా ఒంటరిగా పలుకును. తాళము వేయకుడు, అప్పటికి తాళము లేదు. తుది భాగమున ఆతడొక స్వరమును పట్టి నాలుగు ఆవర్తములు విడువడు. వ్రేళ్లపై లెక్కించుచు వినుడు.