కోళ్ల బండి వచ్చింది, ముందు కడగండి



ఇయ్యాల కోళ్ల బండి గురించి మాట్లాడుకుందాం. "బండి గురించి ఏం చెప్తవు పంతులమ్మా?" అని నవ్వకండి. మీలో కొందరు కోళ్ల ఫారాలలో కూలికి పోతున్నారు. ఫారం మూతపడితే ముందు పోయేది మీ కూలే.

2015 ఏప్రిల్‌లో మన రంగారెడ్డి జిల్లాలోనే బర్డ్ ఫ్లూ వచ్చింది. హయత్‌నగర్ మండలం తొర్రూరులో. మనకు ఎంత దూరం? అక్కడ లక్షకు పైగా కోళ్లను చంపి పూడ్చిపెట్టారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో వచ్చింది. అప్పుడు ఆంధ్ర నుండి వచ్చే కోళ్ల లారీలను సరిహద్దు దగ్గరే ఆపి వెనక్కి పంపారు.

కోళ్లున్న లారీని ఆపుతాం. మరి ఖాళీ బండి సంగతి ఏంది? ఖాళీదే కదా అని లోపలికి రానిస్తాం. రోగం వచ్చిన కోడి రెట్టలో, చీమిడిలో పురుగు ఉంటుంది. అది కంటికి కనబడదు. టైర్ల మట్టికి, జాలీలకు, గుడ్ల అట్టలకు, డ్రైవర్ చెప్పులకు అంటుకుంటుంది. ఆ బండి ఒక్కరోజులో మూడు నాలుగు ఫారాలు తిరుగుతుంది. ఇక చూసుకోండి.

బండి ఎట్లా కడగాలి? మీకు నేను నేర్పేదేముంది! అంట్లు ఎట్లా తోముతారు? ముందు ఎంగిలి మెతుకులు తీస్తారు. తర్వాత సబ్బు పెట్టి తోముతారు. కడిగి, బోర్లించి ఆరబెడతారు. బండికీ అంతే. ముందు రెట్ట, ఈకలు గీకి ఊడ్చాలి. సబ్బు నీళ్లతో రుద్ది కడగాలి. ఆ తర్వాతే మందు కొట్టాలి. బాగా ఆరనివ్వాలి. చాలామంది రెట్ట మీదనే మందు చల్లి పంపుతారు. ఆ మందు దండగ. రెట్ట కింద పురుగు బతికే ఉంటుంది. ఈ పురుగు చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. జిడ్డు గిన్నెకు సబ్బు పనిచేసినట్టే దీనికీ పనిచేస్తుంది.

కడిగిన నీళ్లు చెరువులోకి పోవద్దు. అవి మన బర్లు తాగే నీళ్లు. షెడ్డుకు దూరంగా గుంత తీయాలి.

చిన్న ఫారంలో బండి కడిగే జాగా ఉండదు. అప్పుడు బండిని గేటు బయటే ఆపాలి. ఫారం గంపలలోనే కోళ్లను గేటు దాకా తేవాలి. ఆ గంపలు మోసేది మళ్లీ మీరే! ఆ మోతకు కూలి ఎక్కువ అడగండి. అడగడంలో తప్పు లేదు.

పని అయినాక అదే చీరతో ఇంటి కోళ్లకు గింజలు వేయకండి. చీర మార్చి, కాళ్లు చేతులు సబ్బుతో కడుక్కోండి. చచ్చిన కోడిని ఊరికే ఇచ్చినా ఇంటికి తేకండి.

ఉన్నట్టుండి కోళ్లు ఎక్కువగా చస్తే పశువుల డాక్టరుకు వెంటనే చెప్పాలి. చెప్తే నష్టమని కొందరు దాస్తారు. అది తప్పుడు లెక్క. రోగం ఆపడానికి చంపించిన కోళ్లకు సర్కారు పరిహారం ఇస్తుంది. అంతకు ముందే చచ్చిన వాటికి ఇవ్వదు.