సన్మానము ఎవరికి?

(ఒక గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



రానున్న గణతంత్ర దినోత్సవమున ఈ ఊరిలో ఒకరిని సన్మానింపవలెనని పంచాయతీవారు తలపెట్టినారు. శాలువ, పూలమాల, జ్ఞాపిక సిద్ధమట. ఎవరికి చేయవలెనను విషయమున మాత్రము మాట కుదరలేదట. దానినిగురించి నాలుగు మాటలు చెప్పుమని నన్ను పిలిచినారు. నేను పేరు చెప్పుటకు రాలేదు. మీ ఊరివారి సంగతి నాకంటె మీకే బాగుగా తెలియును. సన్మానమనగానే మన కన్ను ఎవరిమీద నిలుచుచున్నదో, ఎవరిని దాటిపోవుచున్నదో ఆలోచింపవలెనని మాత్రమే నా కోరిక. నాకును కొన్ని శాలువలు కప్పియున్నారు. అవి ఇంట పెట్టెలో ఉన్నవి. ఏది ఏ పనికి కప్పిరో నాకు జ్ఞాపకము లేదు. కప్పినవారికైనను ఉండునని తోచదు.

ఒక సైనికుని వృత్తాంతము చెప్పెదను. ఆయన పేరు మురళీకాంత్ పేట్కర్. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లావారు. సైన్యములో యంత్రములను, ఆయుధములను మరమ్మతు చేయు ఇ.ఎం.ఇ. దళములో చిన్న ఉద్యోగి. మన సికిందరాబాదు ఇ.ఎం.ఇ. తరఫున బాక్సింగు పోటీలలో దిగుచుండెడివారు. 1965లో పాకిస్తానుతో జరిగిన యుద్ధములో ఆయన శరీరమున తూటాలు దిగినవి. వెన్నెముకలో దిగిన ఒక తూటాను వైద్యులు తీయజాలకపోయిరి. నడుము క్రింది భాగము స్వాధీనము తప్పినది. నిన్నటివరకు పిడికిలి బిగించి బరిలో నిలిచిన యువకునికి మంచముమీద ప్రక్కకు ఒత్తిగిలుటకు కూడ మరొకరి చేయి కావలసివచ్చినది.

చికిత్సలో భాగముగా ఆయనను నీటిలోనికి దింపినారు. నేలమీద మోయలేని దేహమును నీరు మోయును. చేతులలో బలమున్నవాడు ముందుకు సాగగలడు. పేట్కర్ ఆ చికిత్సను సాధనగా మార్చుకొన్నారు. 1968లో టెల్ అవీవ్‌లో జరిగిన పారాలింపిక్ క్రీడలలో టేబుల్ టెన్నిస్ ఆడినారు. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరమున 50 మీటర్ల ఈతలో ప్రపంచములో అందరికంటె ముందు గట్టు ముట్టినారు. ఆయనకు పట్టిన కాలము 37 సెకండ్ల చిల్లర. అది ప్రపంచ రికార్డు. పారాలింపిక్ క్రీడలలో భారతదేశమునకు వచ్చిన మొదటి స్వర్ణపతకము అదియే.

ఇచ్చట ఒక పోలిక చెప్పవలెను. ఒలింపిక్ క్రీడలలో మనకు హాకీ జట్టు స్వర్ణములను తెచ్చినది కాని, ఒక్క వ్యక్తి తన ఒంటిచేతి బలముతో స్వర్ణము తెచ్చినది 2008లో, అభినవ్ బింద్రా తుపాకి గురిపోటీలో గెలిచినప్పుడు. ఆనాడు ఊరూర టపాకాయలు కాల్చితిమి, కాల్చదగిన విషయమే. అంతకు 36 సంవత్సరముల ముందే పేట్కర్ పతకము తెచ్చినప్పుడు ఎన్ని ఊళ్లలో ఆయన పేరు వినబడినది? ఆయన పూనాలో ఒక కర్మాగారములో ఉద్యోగము చేసికొని బ్రతికినారు. అర్జున పురస్కారమునకై తాను దరఖాస్తు పెట్టుకొనగా త్రోసివేసిరని ఆయనయే చెప్పియున్నారు. పద్మశ్రీ వచ్చినది 2018లో. పతకమునకు, పద్మమునకు నడుమ 46 సంవత్సరములు.

ఈ ఆలస్యమునకు ఒక కార్యాలయమును తిట్టి ఊరకుండుట సులభము. కాని నాకు వేరొక కారణము కనబడుచున్నది. ఆ క్రీడలు ఆసుపత్రిలో పుట్టినవి. రెండవ ప్రపంచయుద్ధములో వెన్నుపాము దెబ్బతిన్న సైనికులకు ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు చికిత్స చేయుచుండెను. అటువంటివారు కొద్దికాలములో మరణింతురని, ఊరక పడుకొనబెట్టుటయే దయ అని లోకము తలచు రోజులవి. ఆయన వారిని రెండు గంటల కొకమారు ప్రక్క మార్పించి పుండ్లు పడకుండ కాపాడెను, చేతికి విల్లిచ్చెను. 1948లో 16 మంది చక్రాల కుర్చీలలో కూర్చుండి బాణములు వేసిరి. అదియే నాంది. అందువలన లోకము చాలకాలము వీరి ఆటలను వైద్యముగానే చూచెను. గెలిచినవానిని చూచి ‘పాపము’ అనెను. పాపమనిన నోటితో భేషనుట కష్టము. పేట్కర్ పోగొట్టుకొన్న కాళ్లను మనము చూచితిమి. ఈదిన చేతులను చూడలేదు.

కాలము కొంత మారినది. 2025 జనవరి 17వ తేదీన రాష్ట్రపతి భవనమున అర్జున పురస్కారములు ఇచ్చినప్పుడు వృద్ధుడైన పేట్కర్‌కు జీవిత సాఫల్యమునకుగాను ఆ గౌరవము దక్కినది. అదే సందర్భమున అర్జున పొందినవారిలో మన వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు బిడ్డ జీవంజి దీప్తి ఉన్నది. కూలి చేసికొని బ్రతుకు తల్లిదండ్రుల కడుపున, పుట్టుకతోనే మేధాపరమైన లోపముతో జన్మించిన పిల్ల. ఊరిలో కొందరు ఆమెను చూచి నవ్విరి. 2024 మే నెలలో జపానులోని కోబెలో 400 మీటర్ల పరుగును 55.07 సెకండ్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పినది. ఆ సంవత్సరమే పారిస్ పారాలింపిక్ క్రీడలలో కాంస్యము తెచ్చినది. ఆమెకు గౌరవము నెలలలో వచ్చినది. ఆయనకు అర్ధశతాబ్దము పట్టినది. చూచి నవ్వినవారు ఇప్పుడేమి అనుచున్నారో నేను అడుగలేదు, అడుగను కూడ.

పతకములు తెచ్చినవారే గొప్పవారని నేను చెప్పినట్లు తలంపకుడు. తమిళనాడులో తెన్‌కాశి వద్ద ఆయిక్కుడి అను పల్లె కలదు. ఆ ఊరి రామకృష్ణన్ ఇంజనీరింగు చదువుచు 1975లో నౌకాదళమున ఆఫీసరు ఉద్యోగమునకు జరుగు పరీక్షలలో పడిపోయి, మెడ క్రింద శరీరమంతయు స్వాధీనము తప్పినవారైరి. ఆయన 1981లో తన పల్లెలోనే పోలియో సోకిన కొద్దిమంది పిల్లలతో పని ప్రారంభించినారు. తనకు చికిత్స చేసిన సైనిక వైద్యుడు అమర్‌జిత్ సింగ్ చాహల్ పేరుమీదుగా ఆ సంస్థకు అమర్ సేవాసంగమని పేరు పెట్టినారు. కండరములు క్షీణించు వ్యాధి కల శంకరరామన్ అను చార్టర్డ్ అకౌంటెంటు వచ్చి ఆయనకు తోడైనారు. కదలలేని ఇద్దరు మనుష్యులు చుట్టుప్రక్కల వందలాది గ్రామముల పిల్లలకు నడక, చదువు, వృత్తి నేర్పించు ఏర్పాటును నిలబెట్టినారు. రామకృష్ణన్‌కు 2020లో పద్మశ్రీ ఇచ్చినారు. అది ఆయన పడిపోయినందుకు ఇచ్చినది కాదు. ఆయిక్కుడి పిల్లలు లేచినందుకు ఇచ్చినది.

ఈ భేదమును మీరు గమనింపవలెను. కష్టమునకు సన్మానము వెల కాజాలదు. కాలుచేతులు పోయినవాడు వీరుడు కావలసిన పని లేదు. అతడు మనవలెనే మామూలుగా బ్రతుకగోరినయెడల అది అతని ఇష్టము. అందుకు కావలసినది హక్కు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించినది; ప్రభుత్వోద్యోగములలో 4 శాతము కేటాయించినది. సదరం సర్టిఫికెట్టు, పింఛను, చదువు, ఉద్యోగము—ఇవి ఇవ్వవలసినవి. వానిని ఎగవేసి శాలువ కప్పుట బాకీ తీర్చక దండ వేయుట వంటిది. దివ్యాంగులని ఇప్పుడు మంచి పేరు పెట్టుకొంటిమి. పేరు మార్చుటకు ఖర్చు లేదు గదా!

ఇక మీ ఊరి సంగతి. తాడిచెట్టు మీదినుండి పడి నడుము విరిగిన గీతకార్మికులు, నూర్పిడి మిషనులో చేయి పోయినవారు లేని పల్లెలు మన ప్రాంతమున అరుదు. అట్టివారిలో ఒకడు మంచమునుండి లేచి సైకిలు రిపేరు దుకాణము పెట్టి మరి నలుగురికి పని నేర్పియుండవచ్చును. గుట్‌మన్ చెప్పిన రెండు గంటల లెక్క చదువనే చదువని ఒక ఇల్లాలు రాత్రి పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి లేచి భర్తను ప్రక్క మార్చుచు, ఏండ్ల తరబడి అతనికి ఒక్క పుండు పడనీయక పొలము పని కూడ చేసియుండవచ్చును. ఆమెకు చప్పట్లు కొట్టినవారు లేరు. అట్టి ఇల్లు ఈ ఊర ఉన్నదో లేదో మీరే ఆలోచింపుడు. ఎన్నికలలో నెగ్గినవారికి, చందా ఇచ్చినవారికి దండలు ఎట్లును దొరకును.

మరొక సంగతి. పద్మ పురస్కారములకు పేరు ప్రతిపాదించు హక్కు పెద్దలకే కలదని కొందరి భ్రమ. ఏ పౌరుడైనను పంపవచ్చును. ఆ మనిషి చేసిన పనిని 800 మాటలకు మించకుండ వ్రాసి ఆన్‌లైనులో పంపవలెను. మీ హెడ్‌మాస్టరుగారు ముందు వరుసలోనే కూర్చున్నారు, వ్రాయగలరు. పేట్కర్ విషయమున జరిగినట్లు 46 సంవత్సరములు గడువనీయకుడు.

చివరగా ఒక చిన్న మాట. ఈ వేదికకు నాలుగు మెట్లున్నవి. మీరు ఎన్నుకొన్న మనిషి చక్రాల కుర్చీలో వచ్చినచో నలుగురు పట్టి పైకెత్తవలెను; ఎత్తబడువానికి అది సన్మానముగా తోచునా? అడుగు ఎత్తునకు పన్నెండడుగుల పొడవున వాలు కట్టిన కుర్చీ సులభముగా ఎక్కును. వేదిక రెండడుగులున్నది గనుక ఇరువదినాలుగడుగులు కావలెను. ఎడమప్రక్క వేపచెట్టు వరకు అంత చోటున్నది. ఇందాక వచ్చుచు అడుగులతో కొలిచితిని. ఊరిలో తాపీమేస్త్రీలు ఇద్దరున్నారని సర్పంచిగారు చెప్పినారు.